ఆర్బిట్రేషన్ అగ్రిమెంట్‌పై సంతకం పెడితే ఓవర్‌టైమ్ గొడవ అందరం కలిసి తేల్చుకోలేమా? (టెక్సాస్, అమెరికా)

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక కన్సల్టెన్సీ. 14 మంది షిఫ్టుల మీద ప్రొడక్షన్ సపోర్ట్ చేస్తున్నారు, అందరూ డబ్ల్యూ-2 మీదే (అంటే కంపెనీ పేరోల్‌లో ఉన్న ఉద్యోగులే). గంటకు 25 డాలర్లు. వారంలో 50 గంటలు చేసినా అదే రేటు. హెచ్-1బి మీద ఉన్న ఇద్దరిని ఆరు వారాలు జీతం లేకుండా బెంచ్ మీద (ప్రాజెక్టు లేకుండా ఖాళీగా) కూర్చోబెట్టారు. అందరూ కలిసి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడదామనుకుంటుండగా డాక్యుసైన్‌లో ‘మ్యూచువల్ ఆర్బిట్రేషన్ అగ్రిమెంట్’ దిగింది, అంటే గొడవలేవైనా కోర్టులో కాకుండా ప్రైవేటు మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) దగ్గరే తేల్చుకోవాలనే ఒప్పందం. వచ్చే నెల 1వ తేదీ తర్వాత పనికి వస్తే ఒప్పుకున్నట్టేనని అందులో ఉంది. సంతకం పెడితే ఇక కలిసి ఏమీ చేయలేమా, పెట్టకపోతే తీసేస్తారా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: మీరు సంతకం పెట్టినా, పెట్టకుండా 1వ తేదీ తర్వాత పనికి వెళ్తూ ఉన్నా, 14 మందీ కలిసి ఒకే కేసుగా కోర్టుకెళ్ళే దారి దాదాపు మూసుకుపోతుంది. మూసుకుపోయేది ఆ ఒక్క దారే. జీతాల గురించి మీలో మీరు మాట్లాడుకోవడం, అందరి సంతకాలతో లెటర్ పెట్టడం, లేబర్ డిపార్ట్‌మెంట్‌కి కలిసి వెళ్ళడం, ఒకే లాయర్ని పెట్టుకుని 14 మంది విడివిడిగా ఆర్బిట్రేషన్ వేయడం, వీటిలో ఏదీ పోదు. సంతకం పెట్టకపోతే తీసేయొచ్చా అంటే, టెక్సాస్‌లో తీసేయొచ్చు. కాబట్టి మీ చేతిలో ఉన్న అసలు విలువైన వస్తువు 1వ తేదీ వరకూ మిగిలిన రోజులు.

ఇది మీ కాగితం చదివి ఇస్తున్న సలహా కాదు, మీరు రాసినదాన్ని బట్టి చెప్తున్నది. ఆ పీడీఎఫ్ మాత్రం 1వ తేదీ లోపు టెక్సాస్‌లో ఉద్యోగుల తరఫున వాదించే లాయర్‌కి చూపించండి.

ఇలా ఎందుకైందో రెండు ముక్కల్లో. 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ యాక్ట్ ప్రకారం ఆర్బిట్రేషన్ ఒప్పందాన్ని కోర్టులు మిగతా ఏ కాంట్రాక్టునైనా చూసినట్టే చూసి అమలు చేయాలి. 1935 నాటి నేషనల్ లేబర్ రిలేషన్స్ యాక్ట్‌లో సెక్షన్ 7 ఉంది. ఒకరికొకరు సాయంగా కలిసికట్టుగా నడుచుకునే హక్కు ఉద్యోగులకు ఉందని, యూనియన్ ఉన్నా లేకపోయినా ఉందని అది చెప్తుంది. క్లాస్ యాక్షన్ (అందరి తరఫున ఒకే కేసు) వేయకూడదని సంతకం పెట్టించుకుంటే సెక్షన్ 7 ఉల్లంఘనేనని ఆ చట్టాన్ని అమలు చేసే లేబర్ బోర్డు (ఎన్‌ఎల్‌ఆర్‌బీ) 2012లో డి.ఆర్. హోర్టన్ కేసులో తేల్చింది. కొన్ని అప్పీల్ కోర్టులు అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. మీ టెక్సాస్ మీద అధికారం ఉన్న ఐదో సర్క్యూట్ మొదటినుంచీ కాదన్న వైపే ఉంది.

చివరికి 2018 మే 21న సుప్రీంకోర్టు ఎపిక్ సిస్టమ్స్ వర్సెస్ లూయిస్‌లో 5-4తో కంపెనీల వైపు తీర్పిచ్చింది. విస్కాన్సిన్‌లోని వెరోనాలో ఉన్న హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎపిక్, మన ఐటీ వాళ్ళలో చాలామందికి తెలిసిన పేరే. అక్కడా గొడవ ఓవర్‌టైమ్ గురించే, అక్కడా అగ్రిమెంట్ మెయిల్‌లోనే వచ్చింది, పనిలో కొనసాగితే ఒప్పుకున్నట్టేనన్నారు. సెక్షన్ 7 యూనియన్ పెట్టుకోవడం, బేరమాడటం గురించేగానీ కోర్టులో కేసు ఏ రూపంలో నడవాలో చెప్పదని జస్టిస్ గోర్సచ్ రాశారు. అసమ్మతి రాసిన జస్టిస్ గిన్స్‌బర్గ్ ఒక లెక్క చూపించారు. ఎర్నెస్ట్ అండ్ యంగ్ మీద అంతకుముందు నడిచిన వేరే కేసులో ఉద్యోగికి రావాల్సిన ఓవర్‌టైమ్ 1,867.02 డాలర్లు, దానికి సమానంగా డ్యామేజీలు. ఒంటరిగా ఆర్బిట్రేషన్ నడిపితే అయ్యే ఖర్చు సుమారు 2,00,000 డాలర్లు. మెజారిటీ దాన్ని పట్టించుకోలేదు, చట్టం నచ్చకపోతే కాంగ్రెస్ మార్చుకోవాలంది. ఆ లెక్కకు మెజారిటీ తీర్పులో సరైన జవాబు లేదని నా అభిప్రాయం. కానీ ఈరోజు నడిచే చట్టం అదే, దాని లోపలే దారి వెతుక్కోవాలి.

2019లో లాంప్స్ ప్లస్ వర్సెస్ వరేలా ఇంకో మెట్టు బిగించింది. అగ్రిమెంట్‌లో క్లాస్ గురించి ఏమీ రాయకపోయినా, అటూ ఇటూ కాకుండా రాసినా, గుంపుగా ఆర్బిట్రేషన్ కుదరదు. అంటే ‘మా కాగితంలో క్లాస్ వైవర్ (గుంపుగా కేసు వేయనన్న షరతు) అనే మాటే లేదు’ అని సంబరపడటానికి లేదు.

1వ తేదీ లోపు ఏం చేయాలి

టెక్సాస్‌లో పని కొనసాగింపుకి ఇంత బలం ఎక్కడినుంచి వచ్చిందంటే 2002లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు హాలిబర్టన్ కేసులో ఇచ్చిన తీర్పునుంచి. మార్పు గురించి స్పష్టంగా తెలియజేశాక ఉద్యోగి పనిలో కొనసాగితే ఒప్పుకున్నట్టే. చాలామంది ‘నేను దీనికి ఒప్పుకోవడం లేదు’ అని మెయిల్ పెట్టి, మర్నాడు మామూలుగా లాగిన్ అవుతారు. టెక్సాస్‌లో ఆ మెయిల్ పెద్దగా నిలబడదు. న్యూజెర్సీలో ఉన్న మన మిత్రులు కూడా ధీమాగా ఉండొద్దు. 2020లో అక్కడి సుప్రీంకోర్టు స్క్యూస్ వర్సెస్ ఫైజర్‌లో, ఆన్‌లైన్ ట్రైనింగ్ మాడ్యూల్లో ‘అక్నాలెడ్జ్’ మీద క్లిక్ చేసి 60 రోజులు దాటి పనిచేస్తే సరిపోతుందని చెప్పేసింది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: 1వ తేదీకి ముందే కోర్టులో కేసు పడితే ఏమవుతుంది? దీనికి రెండు వైపులా తీర్పులున్నాయి. హ్యూస్టన్ రెస్టారెంట్ల కేసు కోర్డువాలో, ఉద్యోగులు ఓవర్‌టైమ్, కనీస వేతనాల మీద ఉమ్మడి కేసు వేశాక యాజమాన్యం కొత్త ఆర్బిట్రేషన్ అగ్రిమెంట్ తెచ్చింది. కేసుకు జవాబుగా తెచ్చినా తప్పు లేదని లేబర్ బోర్డు 2019లో చెప్పింది. దీనికి భిన్నంగా పదకొండో సర్క్యూట్ అప్పీల్ కోర్టులో, 2014 నాటి బిల్లింగ్స్‌లీ వర్సెస్ సిటీ ట్రెండ్స్‌లో, కేసు పడ్డాక మేనేజర్లను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి సంతకాలు పెట్టించారు. అది మోసపుచ్చే పద్ధతి అని, ఆ ఒప్పందాలు చెల్లవని కోర్టు కొట్టేసింది. అంటే ముందు కేసు వేసినంత మాత్రాన గ్యారంటీ లేదు, కానీ వాదించడానికి నేల దొరుకుతుంది. పైగా చాలా అగ్రిమెంట్లలోనే ‘ఇప్పటికే పెండింగ్‌లో ఉన్న కేసులకు వర్తించదు’ అని ఉంటుంది. మీ దాంట్లో ఆ వాక్యం ఉంటే మిగిలిన ఈ రోజుల విలువ మారిపోతుంది.

కేసు వేసేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫెడరల్ ఓవర్‌టైమ్ చట్టంలో మామూలు క్లాస్ యాక్షన్‌లాగా అందరూ తమంతట తాము అందులో ఉన్నట్టు కాదు. ఎవరి సమ్మతి పత్రం కోర్టులో పడిన రోజునుంచే వారి బాకీ అడిగే గడువు లెక్క ఆగుతుంది. స్నేహితుడు కేసు వేశాడు కదా అని కూర్చుంటే మీ పాత వారాలు ఒక్కొక్కటే రాలిపోతుంటాయి. ఇంకా, 2019లో ఐదో సర్క్యూట్ జేపీమోర్గన్ కేసులో చెప్పినదాని ప్రకారం ఆర్బిట్రేషన్ సంతకం పెట్టినవారికి కోర్టు నోటీసు కూడా పంపకూడదు. సంతకం పెట్టినవాడికి కేసు నడుస్తోందన్న కబురు కోర్టునుంచి రాదన్నమాట.

కాగితంలో ఏం చూడాలి

ముందు ఆప్ట్-అవుట్ (ఈ ఒప్పందం నాకు వద్దని చెప్పే అవకాశం) ఉందేమో చూడండి. చాలా కంపెనీలు 30 రోజులు ఇస్తాయి, పదో పేజీలో ఒక్క పేరాలో. ఉంటే అదే మీ మొదటి పని. అందులో మెయిల్ అంటే మెయిల్, పోస్ట్ అంటే సర్టిఫైడ్ మెయిల్, ఏది రాస్తే అదే దారిలో, 14 మంది 14 విడి నోటీసులు పంపాలి. ఒకరు అందరి తరఫున పంపితే చెల్లదని సాధారణంగా రాసే ఉంటుంది. ఆప్ట్-అవుట్ చేస్తే ప్రతీకారం ఉండదని కూడా అందులోనే రాస్తారు, ఆ వాక్యం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తర్వాత డెలిగేషన్ క్లాజు. ‘ఈ ఒప్పందం చెల్లుతుందా లేదా అన్నది కూడా ఆర్బిట్రేటరే తేలుస్తారు’ అనే వాక్యం అది. 2010 నాటి రెంట్-ఎ-సెంటర్ తీర్పు తర్వాత, అగ్రిమెంట్ మొత్తం అన్యాయం అని వాదిస్తే సరిపోదు. ఆ వాక్యమే ఎందుకు చెల్లదో విడిగా వాదించాలి. లాయర్లు కూడా ఇక్కడ జారిపడుతుంటారు.

మూడోది, కంపెనీ దీన్ని తన ఇష్టం వచ్చినప్పుడు మార్చుకోవచ్చా? హాలిబర్టన్‌లో ఒప్పందం నిలబడటానికి కారణం, మార్చాలంటే 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, జరిగిపోయిన గొడవలకు మార్పు వర్తించదని అందులో ఉండటం. అలాంటి కట్టడి లేకుండా ‘ఎప్పుడైనా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు’ అని ఉంటే ఆ వాగ్దానం ఉత్తిదే. 2012లో ఐదో సర్క్యూట్ కేరీ వర్సెస్ 24 అవర్ ఫిట్‌నెస్‌లో అలాంటిదాన్నే పక్కన పెట్టేసింది. చిన్న కన్సల్టెన్సీలు ఇంటర్నెట్‌లో దొరికిన టెంప్లేట్‌ని హ్యాండ్‌బుక్‌లో అతికించేస్తుంటాయి. హ్యాండ్‌బుక్ మొదటి పేజీలో ‘ఇందులోని ఏ పాలసీనైనా మేనేజ్‌మెంట్ మార్చవచ్చు’ అని ఉంటుంది. అదే మీకు పట్టు.

ఇంకా ఖర్చు ఎవరిది, ఎక్కడ విచారణ, గడువు తగ్గించారా (ఆరు నెలల్లో వేయాలి లాంటివి), ఓడినవాళ్ళు అవతలివాళ్ళ లాయర్ ఫీజు కట్టాలా అన్నవి చూడండి. ‘మ్యూచువల్’ అని పేరు పెట్టి, నాన్-కంపీట్ మీదా బాండ్ డబ్బు మీదా కంపెనీ మాత్రం కోర్టుకెళ్ళొచ్చని రాసుకుని ఉంటుంది, దాన్నీ గుర్తుపెట్టుకోండి.

సంతకం పడిపోయాక కూడా కలిసి చేయగలిగేవి

కోర్డువా తీర్పులో చాలామంది సగమే చదువుతారు. కొత్త అగ్రిమెంట్ తేవడం, సంతకం పెట్టకపోతే ఉద్యోగం ఉండదని చెప్పడం తప్పు కాదన్న ఆ బోర్డే, ఉమ్మడి కేసు వేసినందుకు ఉద్యోగిని తీసేయడం మాత్రం చట్టవిరుద్ధమంది. ఐదో సర్క్యూట్ 2021లో ఆ తీర్పును సమర్థించింది. మీరున్నది ఆ సర్క్యూట్‌లోనే. అంటే కంపెనీ మీ కేసుని కోర్టులో ఆపించుకోగలదు, కేసు వేశారని మిమ్మల్ని శిక్షించకూడదు.

కేసు సంగతి పక్కనపెడితే, సెక్షన్ 7 కింద మీకున్న రక్షణ చాలా పాతది, గట్టిది. 1962 నాటి వాషింగ్టన్ అల్యూమినియం కేసులో బాల్టిమోర్‌లో ఏడుగురు కార్మికులు, ఫర్నేస్ పాడై షాపు గడ్డకట్టిపోతుంటే, యూనియన్ లేకుండానే పని వదిలి బయటికొచ్చారు. వాళ్ళని తీసేయడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. మీ లెటర్ దానిముందు చాలా నెమ్మదైన పని. లెటర్‌లో ‘మేము’ అని రాయండి, ‘నేను’ అని కాదు. ఒక్కరు తన సొంత జీతం గురించి గొణిగితే అది ‘కలిసికట్టు’ చర్య కిందికి రాకపోవచ్చు. ఇద్దరు కలిసి అడిగితే వస్తుంది.

ఈ రక్షణకు కొన్ని హద్దులున్నాయి. నిజంగా మనుషుల్ని తీసుకునే, తీసేసే, పని పురమాయించే అధికారం ఉన్న సూపర్‌వైజర్ దీని కిందికి రాడు. ‘లీడ్’ అని పేరు మాత్రమే ఉన్నవాడు వేరు. సీ2సీ (ఉద్యోగిగా కాకుండా కంపెనీకి కంపెనీ కాంట్రాక్టు) మీద, సొంత ఎల్ఎల్‌సీ పేరుతో నిజమైన కాంట్రాక్టర్‌గా ఉన్నవారూ రారు. క్లయింట్ డేటా, టికెట్ స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ సాకుతోనే తీసేస్తారు. పనికి వచ్చి నెమ్మదిగా చేయడం, కొన్ని టికెట్లు మాత్రమే ముట్టుకోవడం లాంటివాటికి రక్షణ లేదు.

హెచ్-1బి వాళ్ళకు ఈ చట్టం వర్తిస్తుంది. ఇమిగ్రేషన్ నిబంధనల్లోనే, ఇప్పటికే పనిలో చేరిన వ్యక్తి సమ్మెలో పాల్గొన్నంత మాత్రాన స్టేటస్ పోగొట్టుకున్నట్టు కాదని రాసి ఉంది. సమ్మె చేయమని చెప్పడం లేదు. లెటర్ మీద సంతకం పెడితే వీసా పోతుందని భయపెట్టేవాళ్ళకు జవాబు చెప్తున్నాను.

ఈ విషయంలో కంపెనీ బెదిరిస్తే, తీసేస్తే, డల్లాస్ ప్రాంతానికి లేబర్ బోర్డు ఆఫీసు ఫోర్ట్‌వర్త్‌లో ఉన్న రీజియన్ 16. ఫారం ఎన్‌ఎల్‌ఆర్‌బీ-501. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, గడువు 6 నెలలు. బోర్డుకి ఫిర్యాదు చేయకూడదని ఏ ఆర్బిట్రేషన్ అగ్రిమెంటూ అడ్డుకోలేదు. చదివితే అడ్డుకుంటున్నట్టు అనిపించేలా రాసినా తప్పేనని బోర్డు 2019లోనే ప్రైమ్ హెల్త్‌కేర్ కేసులో చెప్పింది.

ప్రభుత్వం ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు

ఇది చాలామందికి తట్టని పాయింటు. 2002లో ఈఈఓసీ (ఉద్యోగాల్లో వివక్షను చూసే ఫెడరల్ ఏజెన్సీ) వర్సెస్ వాఫుల్ హౌస్‌లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఉద్యోగి ఆర్బిట్రేషన్‌కి ఒప్పుకున్నా ప్రభుత్వ ఏజెన్సీకి ఆ ఒప్పందంతో సంబంధం లేదు, అది కోర్టుకెళ్ళొచ్చు, ఆ ఉద్యోగికి డబ్బు ఇప్పించొచ్చు కూడా. ఓవర్‌టైమ్ విషయంలో మీకు ఆ ఏజెన్సీ లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని వేజ్ అండ్ అవర్ డివిజన్, ఫోన్ 1-866-487-9243. ఫిర్యాదు ఎవరు చేశారో బయటపెట్టరు. వాళ్ళు దర్యాప్తుకి వస్తే ఒక్కరి పే స్లిప్ చూసి వెళ్ళిపోరు, ఆ రకం పని చేసే అందరి రికార్డులూ అడుగుతారు. కోర్టులో దొరకని ‘ఉమ్మడి’ ఇక్కడ దొరుకుతుంది. నిదానం, ప్రతి ఫిర్యాదునీ తీసుకోరు, అది దీని లోపం. ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన మీ గడువు ఆగదు, అది ఇంకా పెద్ద లోపం.

బెంచ్ సంగతి దీనికన్నా సులువు. హెచ్-1బి ఉద్యోగికి పని లేకపోవడానికి కారణం ప్రాజెక్టు లేకపోవడమైతే, ఎల్‌సీఏలో (హెచ్-1బి కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చిన పత్రంలో) రాసిన జీతం ఇచ్చి తీరాలి. ఉద్యోగి తన సొంత అవసరానికి సెలవు అడిగితేనో, పని చేయలేని స్థితిలో ఉంటేనో తప్ప. ఫిర్యాదు ఫారం డబ్ల్యూహెచ్-4, గడువు చివరి ఉల్లంఘననుంచి 12 నెలలు. ఆర్బిట్రేషన్ దీనికి అడ్డు రాదు. ‘ఆ ఆరు వారాలు నేనే సెలవు అడిగాను’ అని వెనక తేదీతో మెయిల్ పెట్టమని అడగడం ఈ రంగంలో మామూలే. ఆ మెయిల్ ఒక్కటీ పెట్టొద్దు, దాంతో కేసు సగం పోతుంది. ఫిర్యాదు చేసినందుకు తీసేస్తే, స్టేటస్ మార్పు లేదా పొడిగింపు ఆలస్యమైనా యూఎస్‌సీఐఎస్ (వీసా స్టేటస్‌లు చూసే ఇమిగ్రేషన్ శాఖ) దాన్ని అసాధారణ పరిస్థితిగా పరిగణించే వీలుంది, డబ్ల్యూహెచ్-4 కాపీ అందుకు సాక్ష్యం. ఉద్యోగం పోయినవారికి గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ ఉంటుంది, ఐ-94 (అమెరికాలో ఉండే గడువు రాసిన రికార్డు) అంతకన్నా ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. ఆ ఇద్దరూ ఈ లెక్క వేసుకునే అడుగేయాలి. ఓపీటీ (చదువు వీసా మీద దొరికే పని అనుమతి) మీద, గ్రీన్ కార్డ్ మీద ఉన్నవారికి ఎల్‌సీఏ ఉండదు కనుక ఈ బెంచ్ నియమం వాళ్ళకి వర్తించదు.

విడివిడిగా, కానీ ఒకేసారి

ఇప్పుడు లెక్క చూద్దాం. 50 గంటల వారానికి మీకు వచ్చింది 1,250 డాలర్లు. రావాల్సింది 40 గంటలకు 1,000, మిగతా 10 గంటలకు ఒకటిన్నర రెట్లు, అంటే 37.50 చొప్పున 375, మొత్తం 1,375. వారానికి 125 డాలర్ల కొరత. రెండేళ్ళలో 100 వారాలు అలా పనిచేస్తే 12,500. చట్టం ప్రకారం దానికి సమానంగా లిక్విడేటెడ్ డ్యామేజీలు, అంటే 25,000. తాము మంచి ఉద్దేశంతో, సహేతుకమైన కారణంతోనే అలా చేశామని కంపెనీ నిరూపిస్తే ఆ రెండో సగం తగ్గొచ్చు. 14 మందికి 3,50,000. గెలిస్తే మీ లాయర్ ఫీజు కూడా కంపెనీయే కట్టాలి. ఇవన్నీ ఆర్బిట్రేషన్‌లోనూ ఉంటాయి, చట్టం ఇచ్చే పరిహారం వేదిక మారితే మారదు.

ఆర్బిట్రేషన్లు నడిపే ప్రైవేటు సంస్థల్లో ఏఏఏ, జామ్స్ ముఖ్యమైనవి; అగ్రిమెంట్‌లో ఏఏఏ రూల్స్ అని ఉంటే, కంపెనీ రుద్దిన ప్లాన్ కింద ఉద్యోగి కట్టే ఫైలింగ్ ఫీజుకు పరిమితి ఉంది, ఇటీవలి షెడ్యూళ్ళలో 350 డాలర్లు. జామ్స్ అయితే 400. ఫైల్ చేసే రోజున షెడ్యూలు ఒకసారి చూసుకోండి. మిగతా ఫైలింగ్ ఖర్చు, కేసు నిర్వహణ, ఆర్బిట్రేటర్ గంటల ఫీజు కంపెనీవి, ఒక్కో కేసుకు వేల డాలర్లు. 14 కేసులు ఒకేరోజు పడితే 14 రెట్లు. గుంపుగా రావొద్దన్న కంపెనీకి విడివిడిగా రావడం ఎంత ఖరీదో అప్పుడు తెలుస్తుంది. ఫుడ్ డెలివరీ కంపెనీ డోర్‌డాష్ సంగతి ఇదే. ఐదు వేలమందికి పైగా కొరియర్లు విడివిడిగా డిమాండ్లు వేస్తే ఫీజులు కట్టకుండా తప్పించుకోవాలని చూసింది. 2020 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి ఆల్సప్, మీరు రాసుకున్న ఒప్పందమే కదా, కట్టండి అన్నారు.

ఆ దెబ్బ తర్వాత కంపెనీలు కొత్త క్లాజులు తెచ్చాయి. ‘ఒకే లాయర్ దగ్గర ఇన్ని కేసులు దాటితే విడతలుగా నడుస్తాయి’ అనేవి. ఏఏఏ కూడా ఒకే లాయర్‌తో ఒకే రకం డిమాండ్లు 25, ఆపైన ఉంటే మాస్ ఆర్బిట్రేషన్ కింద వేరే ఫీజులు పెట్టింది, జామ్స్‌లో ఆ సంఖ్య 75. మీరు 14 మంది కాబట్టి రెండింటికీ కిందే ఉన్నారు. ఇది మీకు కలిసొచ్చే సంగతే. మీ అగ్రిమెంట్‌లో అంతకన్నా తక్కువ సంఖ్య ఏమైనా పెట్టారేమో చూడండి.

ఒక్క జాగ్రత్త. ఒకరు గెలిస్తే మిగతా 13 మంది గెలిచినట్టు కాదు. ఆర్బిట్రేటర్ తీర్పు వేరేవాళ్ళని కట్టిపడేయదు, అప్పీలు కూడా నామమాత్రం, చట్టం తప్పుగా చదివాడన్నంత మాత్రాన కోర్టు కొట్టేయదు. అందుకే బలమైన రికార్డు ఉన్నవాళ్ళ కేసు ముందు విచారణకి వచ్చేలా లాయర్లు చూసుకుంటారు.

కంపెనీ మొదట ఏమంటుందంటే, ‘మీరు కంప్యూటర్ ప్రొఫెషనల్స్, ఓవర్‌టైమ్ మీకు లేదు’ అని. ఆ మినహాయింపుకి గంట జీతం మీద ఉన్నవారికి కనీసం 27.63 డాలర్లు ఉండాలి. 25 దగ్గరే అది ఆగిపోతుంది. జీతం అంతకన్నా ఎక్కువున్నా పని స్వభావం చూడాలి. సిస్టమ్ డిజైన్, ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళు వేరు, టికెట్ తీసుకుని రన్‌బుక్ ప్రకారం సరిచేసేవాళ్ళు వేరు. ఐటీ సపోర్ట్ స్పెషలిస్ట్‌కి మినహాయింపు వర్తించదని లేబర్ డిపార్ట్‌మెంట్ 2006లోనే అభిప్రాయం ఇచ్చింది. ఈ లెటర్ వెళ్ళగానే గంట జీతాన్ని 28కి పెంచి హోదా మార్చేసే కంపెనీలున్నాయి. పెంపు తీసుకోండి, గడిచిన వారాల బాకీ దాంతో చెరిగిపోదు.

గడియారాలు వేర్వేరుగా తిరుగుతుంటాయి. ఫెడరల్ ఓవర్‌టైమ్‌కి 2 ఏళ్ళు, తెలిసి చేశారని తేలితే 3. టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌లో జీతం బాకీ ఫిర్యాదుకి, డబ్బు రావాల్సిన రోజునుంచి 180 రోజులు. ముందు కోర్టుకెళ్ళి, ఏడాదికి కంపెనీ ఆర్బిట్రేషన్ అడిగి, ఆ తర్వాత మీరు డిమాండ్ వేస్తే మధ్యలో పోయిన వారాలకు పూచీ ఎవరూ పడరు. 2024లో స్మిత్ వర్సెస్ స్పిజిరి తర్వాత, ఎవరైనా స్టే అడిగితే కోర్టు కేసును కొట్టేయకుండా నిలిపి ఉంచాలి, కాబట్టి ఆ స్టే అడగమని లాయర్‌కి చెప్పండి. అటు కంపెనీయే ఏడాదిపాటు కోర్టులో వాదించి ఓడేలా ఉందనిపించి ఆర్బిట్రేషన్ గుర్తుచేసుకుంటే, 2022 నాటి మోర్గన్ వర్సెస్ సన్‌డాన్స్ ప్రకారం ఆ హక్కు వదులుకున్నట్టేనని మీరు వాదించొచ్చు.

ఆర్బిట్రేషన్‌నుంచి పూర్తిగా బయటపడే కొన్ని సందర్భాలు మీవి కాకపోయినా చదివేవాళ్ళకోసం రాస్తున్నాను. లైంగిక వేధింపుల ఫిర్యాదైతే, 2022 మార్చి 3న వచ్చిన చట్టం ప్రకారం బాధితులు కోరుకుంటే ఆర్బిట్రేషనూ చెల్లదు, కలిసి వేయకూడదన్న షరతూ చెల్లదు. రాష్ట్రాల మధ్య సరుకు రవాణాలో ఉన్న డ్రైవర్లు, విమానాల్లో సామాను ఎక్కించేవాళ్ళు లాంటివారు 1925 చట్టం పరిధిలోనే లేరు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు కథ వేరే, అక్కడ కంపెనీ ఆర్బిట్రేషన్ ఫీజు 30 రోజుల్లో కట్టకపోతే ఏమవుతుందన్న దానికే ప్రత్యేక చట్టం ఉంది.

సాక్ష్యం గురించి. డాక్యుసైన్ ఎన్వలప్ పీడీఎఫ్‌తోపాటు దాని సర్టిఫికెట్ పేజీ కూడా దించుకోండి, ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు క్లిక్ చేశారు అందులోనే ఉంటుంది. హెచ్‌ఆర్ పంపిన కవరింగ్ మెయిల్ తేదీ కనిపించేలా ఫోటో తీయండి. తర్వాత ఒక్కొక్కరు విడిగా ఒక షీట్ రాయండి: తేదీ, షిఫ్ట్ మొదలు, ముగింపు, హ్యాండోవర్ కాల్‌కి పట్టిన నిమిషాలు, పే స్లిప్‌లో చూపిన గంటలు. షిఫ్ట్ తర్వాత 20 నిమిషాల హ్యాండోవర్‌ని ఎవరూ లెక్కపెట్టరు, వారానికి అది గంటన్నర దాటుతుంది. కంపెనీ సరైన రికార్డు ఉంచకపోతే ఉద్యోగి సహేతుకమైన అంచనా సరిపోతుందని 1946నుంచీ సుప్రీంకోర్టు మాట. కానీ అందరి షీట్లలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకే అంకెలుంటే అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. ఇవన్నీ మీ సొంత ఫోన్, సొంత మెయిల్ మీద చేయండి, కంపెనీ ల్యాప్‌టాప్ మీద కాదు. క్లయింట్ సిస్టమ్‌నుంచి లాగ్స్ దించుకోవద్దు. అవి లాయర్ కోరితే కంపెనీయే ఇవ్వాలి.

వరుస ఇలా పెట్టుకోండి: ఈ వారంలో కాగితం చదివించడం, ఆప్ట్-అవుట్ ఉంటే 14 నోటీసులు పంపడం, లేకపోతే 1వ తేదీ లోపు కోర్టా కాదా తేల్చుకోవడం. ఉమ్మడి లెటర్ దానితోపాటే వెళ్ళొచ్చు. అందులో సెక్షన్లు గుప్పించకుండా, ఏ వారాలు, ఎన్ని గంటలు, ఏ రేటు అని మాత్రమే రాసి 10 రోజుల్లో జవాబు అడగండి. ఓవర్‌టైమ్ అడిగినందుకు తీసేస్తే అది ఫెడరల్ వేతన చట్టం కిందా ప్రతీకారమే, లేబర్ బోర్డు ఫిర్యాదుకి అదనంగా దాని మీదా వేయొచ్చు. బెంచ్ మీద ఉన్న ఆ ఇద్దరూ మాత్రం మిగతావాళ్ళ నిర్ణయం కోసం ఆగకుండా డబ్ల్యూహెచ్-4 వేసేయొచ్చు, వాళ్ళ దారికి ఈ అగ్రిమెంట్‌తో పనే లేదు.